పూలలోయకి మడత కర్రలు, వదిన కర్ర

బయల్దేరే ముందు

నా కుడి మోకాలు ఎక్కేటప్పుడు ఏమీ అనదు. దిగేటప్పుడే గొడవ. రెండేళ్ల కిందట అలిపిరి మెట్లెక్కి కొండకి వెళ్లాను, దిగింది మాత్రం బస్సులో. అందుకే ఉత్తరాఖండ్‌లో పూలలోయకి వెళ్దామని మా వదిన ఫోన్ చేస్తే నేను ముందు అడిగింది ఒకటే, "దిగడానికి బస్సుంటుందా వదినా?"

ఉండదట. పుల్నా అనే ఊరి దాకానే జీపులు. అక్కణ్నుంచి ఘంగారియాకి పది కిలోమీటర్ల నడక. అక్కడ మకాం పెట్టి ఒకరోజు పూలలోయ, ఒకరోజు సిక్కుల యాత్రాస్థలం హేమకుండ్ సాహిబ్ చూసుకుని మళ్లీ ఆ పదీ దిగాలి. గుర్రాలున్నాయి, కావాలంటే హెలికాప్టర్ కూడా ఉంది. కానీ ఆవిడ ఒప్పుకోవాలిగా! మా ఆయనకి అక్క ఆవిడ, విశాఖపట్నంలో ఉంటారు, అరవై దాటాయి. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ చెప్పుల్లేకుండా నడిచే మనిషి. ఆవిడ ముందు గుర్రం మాట ఎత్తితే ఏడాదంతా నన్ను గుర్రం పేరుతోనే పిలుస్తారు.

సరే, కర్రలు కొందామనుకున్నాను. దిగుడులో రెండు కర్రలు వాడితే మోకాలి మీద పడే భారం 25 శాతం దాకా తగ్గుతుందని 1999లో వచ్చిన ఒక పరిశోధన చెబుతోంది. ఆ సంఖ్య ఎలా ఉన్నా, మెట్లు దిగుతూ గోడ పట్టుకుంటే ఎంత తేడా ఉంటుందో నా మోకాలికి తెలుసు. గోడని వెంట తీసుకెళ్లలేం కాబట్టి కర్రలు.

అంతకుముందు కూర్గ్‌లో తడియాండమోల్ ఎక్కినప్పుడు మా ఆఫీసులో ఒకాయన దగ్గర అరువు తెచ్చుకున్న జత వాడాను. గొట్టంలోంచి గొట్టం బయటికి లాగి, తిప్పి బిగించే రకం. దిగుతుంటే బిగింపు వదిలేసి కర్ర ఒక్కసారిగా జానెడు లోపలికి దిగిపోయింది, దాంతోపాటు నేనూ. పైగా మొత్తం మూసినా అది రెండడుగుల పైమాటే. నా బ్యాగులో పట్టక బయట కట్టుకుంటే బస్సులో పక్కాయన మోచేతికి తగులుతూనే ఉంది.

అందుకని ఈసారి మడత రకం. టెంటు కడ్డీల్లాగా మూడు ముక్కలుంటాయి, లోపల తాడు. పై ముక్కని పట్టి లాగితే మూడూ వరసలోకి వచ్చి చిన్న బటన్ టక్కున బయటికొస్తుంది. అంతే, కర్ర తయారు. బటన్ నొక్కితే మళ్లీ మూడు మడతలు. మడిస్తే 35 నుంచి 40 సెంటీమీటర్లు. చపాతీ కర్ర కన్నా కాస్త పొడవు.

ఆన్‌లైన్‌లో కార్బన్ ఫైబర్ జత ఒకటి, 120 సెంటీమీటర్లది, డిస్కౌంట్‌లో కనిపించింది. కొనేసేదాన్నే. మా అమ్మాయి "షాపుకెళ్లి పట్టుకుని చూడమ్మా" అని ఆపింది. వెళ్లి నిలబడితే తేలింది. కర్ర మొన నేల మీద ఆనించి పిడి పట్టుకుంటే మోచేయి సరిగ్గా ఎల్ ఆకారంలో ఉండాలి. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. 120 కర్ర పట్టుకుంటే భుజాలు చెవుల దాకా లేచాయి. మన ఎత్తుని 0.68తో గుణిస్తే దాదాపు సరైన పొడవు వస్తుందని షాపు కుర్రాడు చెప్పాడు. నాకు 107 వచ్చింది.

మడత కర్రల్లో మళ్లీ రెండు రకాలని అక్కడే తెలిసింది. కొన్నిటికి పొడవు ఒకటే, మార్చడానికి లేదు. కొన్నిటికి పై ముక్కలో లివర్ లాకు ఉండి పది, ఇరవై సెంటీమీటర్లు అటూ ఇటూ మార్చుకోవచ్చు. మొదటివి తేలిక, పరిగెత్తేవాళ్లకి. నాలాంటి మోకాలికి రెండోవే. ఎక్కేటప్పుడు కాస్త తగ్గించాలి, దిగేటప్పుడు కాస్త పెంచాలి. ఇక కార్బనా అల్యూమినియమా అన్న చర్చ. కార్బన్ జత వంద గ్రాములు తేలిక, ధర దాదాపు రెట్టింపు. అల్యూమినియం దెబ్బ తగిలితే వంగుతుంది, కార్బన్ పుటుక్కున విరుగుతుంది. వంద గ్రాములంటే నా బ్యాగులో ఉన్న పల్లీ చిక్కీ బరువు. చిక్కీ తగ్గించుకోవచ్చు కదా అని అల్యూమినియమే తీసుకున్నాను. పిడి ఫోమ్‌ది. గట్టి రబ్బరు పిడి చెమట చేతికి జిగటగా తగిలింది, కార్క్ పిడి బాగుందిగానీ బడ్జెట్ దాటింది. జత మొత్తం నాలుగు వేల లోపు, అర కిలోకి అటూ ఇటూ.

లోపల స్ప్రింగు ఉన్న "యాంటీ షాక్" రకం కూడా చూపించారు. నొక్కితే కొంచెం కుంగుతుంది. నాకు నచ్చలేదు, కర్ర మీద బరువు వేసినప్పుడు అది కదిలితే నాకు టెన్షన్.

మొదటి రోజు: రిషికేశ్

వదిన ముందురోజే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వచ్చారు. కర్రల్ని తువ్వాల్లో చుట్టి చెక్-ఇన్ బ్యాగు అడుగున పెట్టాను. క్యాబిన్ బ్యాగులోనూ పడతాయిగానీ, లోహపు మొన ఉన్న కర్రని సెక్యూరిటీ దగ్గర ఏమంటారో అనే బెంగ ఎందుకు? మొనలకి రబ్బరు టోపీలు తొడిగాను, లేకపోతే బట్టలకి చిల్లులే.

డెహ్రాడూన్‌లో దిగి సాయంత్రానికి రిషికేశ్ చేరాం. గంగ ఒడ్డున నడకకి వెళ్తూ కర్రలు తీసి టకటకా విప్పాను. వదిన చూసి, "ఏటే ఇది, గొడుగనుకున్నాను. బట్టేదీ?" అన్నారు.

రెండో రోజు: జోషీమఠ్

దారంతా నదులే. దేవప్రయాగలో అలకనంద, భాగీరథి కలిసి గంగ అవుతాయి. పైకెళ్లేకొద్దీ రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ. ఆగస్టు మూడో వారం కదా, ఒకచోట కొండచరియ విరిగిపడి రెండు గంటలు ఆపేశారు. జేసీబీ మట్టి తోస్తుంటే మేం పులిహోర తిన్నాం. జీపులో పదిమందిమి, కాళ్ల కింద కూడా సామానే. వెనక సీటులో ఒక మహారాష్ట్ర జంట పొడుగు కర్రలు ప్రతి మలుపులో నా మెడకి తగులుతూ వచ్చాయి. నావి బ్యాగులో ఉన్నాయి. నాలుగు వేలల్లో సగం ఆరోజే వసూలయింది.

మూడో రోజు: ఘంగారియా

జోషీమఠ్ నుంచి గోవింద్‌ఘాట్, అక్కణ్నుంచి ఇంకో జీపులో నాలుగు కిలోమీటర్లు పుల్నా. జీపు ఆగగానే కర్రలమ్మే పిల్లలు చుట్టుముట్టారు. చెక్కు తీసిన మామూలు కర్ర, అడుగున ఇనుప పొన్ను. వదిన నాలుగైదు కర్రలు నేలకి కొట్టి చూసి, ఒకటి ఎంచి, బేరమాడి, వంద లోపు కొన్నారు. ఆవిడ భుజం దాటి ఉంది అది. "నీది రెండు కలిపి నాలుగు వేలు. నాలుగు వేలకి ఇవి నలభై వస్తాయి" అన్నారు. లెక్క తప్పు కాదు.

కర్రకి ఉండే పట్టీలోకి చేతిని పై నుంచి దూర్చేస్తాం అందరం. కింది నుంచి పైకి దూర్చి, పట్టీతో కలిపి పిడిని పట్టుకోవాలి. అప్పుడు బరువు మణికట్టు మీద ఆని, వేళ్లు వదులుగా ఉంటాయి. గంట నడిచాకగానీ ఆ తేడా తెలీలేదు.

దారి రాళ్లు పరిచినదే. కానీ ఆ రాళ్ల మీద వాన, కంచరగాడిదల పేడ, బురద. "సైడ్, సైడ్" అని కేక వినపడగానే కొండవైపు ఒదిగి నిలబడాలి, లోయవైపు కాదు. కర్రలు రెండూ ఒంటికి ఆనించి పట్టుకోవాలి. మొదటిసారి నేను మర్చిపోయి చాపి పట్టుకుంటే ఒక గాడిద మూటకి తగిలి కర్ర చేతిలోంచి ఎగిరింది. గాడిదని తోలే అబ్బాయే తెచ్చిచ్చాడు, ఏమీ అనలేదు.

భ్యుందార్ ఊరి దగ్గర వంతెన దాటాక అసలు ఎక్కుడు మొదలవుతుంది. 2013 వరదల్లో పాత దారి కొట్టుకుపోయాక అవతలి ఒడ్డున వేసిన దారి ఇది. అక్కడ కర్రల పొడవు 100కి తగ్గించాను. చెయ్యి ఎత్తే పని తగ్గింది, ఊపిరి కొంచెం కుదురుకుంది.

మాకు కాస్త ముందు నడుస్తున్న ఒక కుర్రాడి కార్బన్ కర్ర మొన రెండు రాళ్ల సందులో ఇరుక్కుంది. అతను అదే ఊపులో ముందుకెళ్లాడు. చప్పుడు పెద్దగా లేదు, చెరుకు ముక్క విరిచినట్టు. బండ తప్పు కాదు, సందు తప్పు కాదు, కర్ర తప్పు కూడా కాదు. ఏ కర్రకైనా పక్కనుంచి పడే బరువు చేటే. అల్యూమినియం అయితే వంగేది, రాయితో కొట్టి కాస్త సరిచేసుకుని ఊరు చేరేవాడు. అతను మిగిలిన ఒక్క కర్రతో పైదాకా వచ్చాడు.

సాయంత్రం గదిలో కర్రలు మడుద్దామంటే ఎడమదాని బటన్ లోపలికి పోలేదు. వేలితో, తాళంచెవితో, చివరికి పళ్లతో కూడా ప్రయత్నించాను (వదినకి చెప్పలేదు). లైటు వేసి చూస్తే బటన్ చుట్టూ ఉన్న సన్నని సందులో ఇసుక, పేడ కలిసి సిమెంటులా పట్టేసింది. బకెట్‌లో వేడినీళ్లు తెప్పించి నానబెట్టాను. కదల్లేదు. వదిన అప్పటిదాకా కాళ్లకి కొబ్బరినూనె రాసుకుంటూ చూస్తున్నారు. లేచొచ్చి, గాజులకి గుచ్చుకున్న పిన్నీసు తీసి, మొనతో బటన్ చుట్టూ ఒక్కో రేణువూ తవ్వారు. చెవిలో గులిమి తీసినంత జాగ్రత్తగా. తర్వాత అదే చేత్తో ఒక చుక్క కొబ్బరినూనె. నొక్కితే టక్.

"నాలుగు వేలకి పిన్నీసు కూడా ఇవ్వాల్సింది" అన్నారు.

కొబ్బరినూనె మంచిది కాదని, దానికి ఇంకా దుమ్ము పడుతుందని నాకు తెలుసు. చెప్పలేకపోయాను. మర్నాడు తుడిచేశాను. ఆ రాత్రి నుంచి నియమం పెట్టుకున్నాను, గదికి రాగానే ముక్కలు విడదీసి, కీళ్లు కడిగి, గుడ్డతో తుడిచి, విప్పినట్టే గోడకి ఆనించడం. తడి కర్రని మడిచి బ్యాగులో పెడితే లోపలి తాడు తడిగానే ఉండిపోతుంది. ఘంగారియాలో ఆగస్టులో సాక్సులే ఆరవు, తాడు ఏం ఆరుతుంది?

నాలుగో రోజు: పూలలోయ

ఘంగారియా దాటాక దారి రెండుగా చీలుతుంది. ఎడమకి పూలలోయ, కుడికి హేమకుండ్. అటవీశాఖ వాళ్ల దగ్గర పర్మిట్ తీసుకుని లోపలికి వెళ్లాలి, సాయంత్రం అయిదు లోపు బయటికి రావాలి. గుర్రాలకి అనుమతి లేదు. దాంతో దారి ఎంత శుభ్రంగా ఉందో!

పుష్పావతి నది మీద వంతెన దాటి, నిట్టనిలువుగా ఒక గంట ఎక్కాక లోయ తెరుచుకుంది. 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం ఇక్కడికి చేరుకుంది. బయటి ప్రపంచానికి ఈ లోయ గురించి చెప్పింది ఆయనే. 1982లో నేషనల్ పార్కు అయింది, 2005లో యునెస్కో జాబితాలో చేరింది. గులాబీరంగు కాశీతుమ్మ జాతి పూలు నడుము ఎత్తున, దారికి రెండువైపులా. మధ్యమధ్య పసుపు, ఊదా, తెలుపు. నాకు పేర్లు తెలిసినవి నాలుగే. వదిన ప్రతి పూవునీ విశాఖలో ఏదో ఒక పూవుతో పోల్చి, "మన దగ్గర ఇది ఇంకా పెద్దది" అన్నారు.

లోయలో కర్ర మొనలకి రబ్బరు టోపీలు తొడిగాను. లోహపు మొన మెత్తటి మట్టిలో ప్రతి అడుగుకీ ఒక చిల్లు పెడుతుంది, వందలమంది నడిచే సన్నని దారి అంచులు అలాగే తెగిపోతాయి. కాసేపయ్యాక రెండూ మడిచి బ్యాగులో వేసేశాను. చదునుగా ఉన్నచోట చేతులు ఊరికే ఉంటేనే బాగుంటుంది. ఈ ఒక్క సుఖం వదిన కర్రకి లేదు. ఫొటో తియ్యాలంటే, "ఇది పట్టుకో" అని నాకిచ్చేవారు.

లోపల ఇంకాస్త దూరంలో ఒక సమాధి ఉంది. జోన్ మార్గరెట్ లెగ్, వృక్షశాస్త్రం మీద ప్రేమతో 1939లో ఇక్కడికొచ్చిన ఇంగ్లండు ఆవిడ. పూల నమూనాలు సేకరిస్తూ వాలు మీద జారిపడి పోయింది. 54 ఏళ్లు. నాకంటే ఒక ఏడాది పెద్ద. వదిన దారిలో రాలిన పూవొకటి తీసి రాతి మీద పెట్టారు. తిరుగుదారిలో నేను కర్రలు మళ్లీ విప్పి, లాకు రెండుసార్లు చూసుకున్నాను.

అయిదో రోజు: హేమకుండ్ సాహిబ్

ఘంగారియా ఎత్తు దాదాపు 3,050 మీటర్లు. హేమకుండ్ 4,000 దాటి ఉంటుంది. ఆరు కిలోమీటర్ల దారిలో వెయ్యి మీటర్ల పైన ఎక్కాలి. తెల్లవారి అయిదింటికి టార్చిలతో బయల్దేరాం. పైన రాత్రి ఉండనివ్వరు, మధ్యాహ్నం రెండు దాటితే అందర్నీ కిందికి పంపేస్తారు.

ఎక్కుతూ వదిన కర్రనే గమనిస్తూ వచ్చాను. నేను ప్రతి వాలుకీ ఆగి, లాకు తీసి, పొడవు మార్చి, లాకు వేసి, మళ్లీ రెండోదానికి అదే పని. ఆవిడ ఏం చేస్తున్నారు? ఎక్కేచోట కర్రని కింద పట్టుకుంటున్నారు, చిన్న దిగుడు వస్తే చెయ్యి పైకి జరుపుతున్నారు. అంతే. లాకు లేదు, బటన్ లేదు, అంకెలు లేవు. భుజం దాటిన కర్ర ఎందుకు కొన్నారో అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత నేనూ తెలివి తెచ్చుకుని చిన్నచిన్న వాలులకి పొడవు మార్చడం మానేశాను. పిడి కింద ఫోమ్ ఇంకో జానెడు ఉంది, ఎక్కేచోట చెయ్యి అక్కడికి దింపితే సరిపోతుంది. షాపులో ఆ అదనపు ఫోమ్ ఎందుకో కుర్రాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మడత కర్ర కొనేవాళ్లు ముందు చూడాల్సింది అదే అని ఇప్పుడనిపిస్తుంది.

పైకి చేరే ముందు బండల మధ్య బ్రహ్మకమలాలు. లేత పసుపు రేకుల్లో దాక్కున్నట్టు ఉంటుంది అసలు పూవు. సరస్సు పొగమంచులో సగమే కనిపించింది. పక్కనే లక్ష్మణుడి గుడి. ఈ సరస్సు ఒడ్డు గురు గోవింద్ సింగ్ పూర్వజన్మలో తపస్సు చేసిన చోటని సిక్కుల నమ్మకం. లంగర్‌లో, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనశాలలో, వేడి కిచిడీ, స్టీలు గ్లాసులో టీ పెట్టారు. ఆ చలిలో ఆ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

గురుద్వారా బయట యాత్రికులు వదిలిన కర్రలు వందకి పైనే, అన్నీ ఒకే అమ్మ కన్న పిల్లల్లా. నావి మడిచి బ్యాగులో ఉన్నాయి కాబట్టి నేను నిశ్చింతగా ఉన్నాను. వదిన కర్ర ఎలా దొరుకుతుందా అని చూస్తుంటే, నేరుగా వెళ్లి ఒకటి లాగారు. పిడి దగ్గర పసుపు దారం కట్టి ఉంది. ఎప్పుడు కట్టారో!

దిగుడు మొదలైంది. పొడవు 112కి పెంచాను. రెండు కర్రలూ ముందు కింది మెట్టు మీద నాటి, బరువు వాటికిచ్చి, ఆ తర్వాతే కాలు. మొదటి కిలోమీటరు విసుగ్గా ఉంది, తర్వాత అదే లయ అయిపోయింది. మోకాలు మాట్లాడలేదు. నిజంగా మాట్లాడలేదు. సగం దూరంలో వదిన ఆగారు. కుడి అరచేతిలో రూపాయి బిళ్లంత బొబ్బ, చిట్లిపోయింది. కర్రకి పట్టీ లేదు కదా, బరువంతా అరచేతి చర్మం మీదే. పైగా ఒక్క కర్ర, ఒక్క వైపే ఒంగి నడవడంతో నడుము పట్టేసింది.

"ఒకటి తీసుకోండి వదినా."

"నీ మోకాలో?"

"ఒకటి ఉంది కదా. ఆ కర్ర నాకివ్వండి."

చేతికి కర్చీఫు చుట్టి, నా పిడిలో పట్టీ కింది నుంచి దూర్చి ఇచ్చాను. ఆవిడ రెండడుగులు వేసి ఏమీ అనలేదు. పదడుగులకి కూడా ఏమీ అనలేదు. ఆవిడ సంగతి తెలిసినవాళ్లకి అది సర్టిఫికెట్టే. నేను ఒక చేత్తో మడత కర్ర, ఇంకో చేత్తో చెక్క కర్ర. అలా ఇద్దరం ఘంగారియా చేరేసరికి నాలుగున్నర.

ఆరో రోజు: కిందికి

పది కిలోమీటర్లు, మూడున్నర గంటలు. పుల్నాలో జీపు ఎక్కేముందు చాలామంది కర్రల్ని అక్కడే గోడకి ఆనించి వెళ్లిపోతున్నారు. వాటిని ఏరి మళ్లీ అమ్ముకుంటారు పిల్లలు. వదిన వదల్లేదు. జీపులో తన రెండు కాళ్ల మధ్య నిలువుగా పట్టుకుని కూర్చున్నారు, పైకప్పుకి తగులుతూ. రాత్రి రుద్రప్రయాగలో మకాం.

ఏడో రోజు: ఇంటికి

డెహ్రాడూన్ ఎయిర్‌పోర్టులో కౌంటరు అమ్మాయి కర్రని, వదినని మార్చిమార్చి చూసింది. లోపలికి తీసుకెళ్లడం కుదరదంది. "సింహాద్రి అప్పన్న దగ్గరికి దీంతోనే నడుస్తానని మొక్కుకున్నానమ్మా" అన్నారు వదిన తెలుగులోనే. అనువాదం నా వంతు అయింది. ఆ అమ్మాయి నవ్వి, పొన్ను చుట్టూ గుడ్డ కట్టమంది. నా తువ్వాలు ఇచ్చాను. ట్యాగు వేసి, పెద్ద సామాను పంపే చోటికి వేరే తీసుకెళ్లారు.

హైదరాబాద్‌లో బెల్టు దగ్గర నిలబడ్డాం. నా బ్యాగు ఇంకా రాలేదు, అందులోనే మడత కర్రలు. ఒక కుర్రాడు చేత్తో పట్టుకుని తెచ్చిచ్చాడు వదిన కర్రని, నా తువ్వాలుతో సహా. మా ఆయన బయట కారు దగ్గర దాన్ని చూసి, "అక్కా, ఇది కారులో ఎలా పడుతుంది?" అన్నాడు. ముందు సీటు వెనక్కి వంచి, డాష్‌బోర్డు మీంచి వెనక అద్దం దాకా పడుకోబెట్టాం. నేను, వదిన వెనక సీట్లో ఒక పక్కకి ఒదిగి కూర్చున్నాం, కర్ర మా మధ్యలో.